ఇడియమ్స్ బట్టీ పడితే రావు, ఇంట్లో మాటలతో వస్తాయి



ఈ నెల మీతో ఇంగ్లీష్ ఇడియమ్స్ గురించి మాట్లాడాలనుకుంటున్నాను. పీటీఎంలో చాలామంది అడుగుతుంటారు: "మా బాబు గ్రామర్ బాగానే రాస్తున్నాడు మేడమ్. కానీ కథల పుస్తకాల్లో, ఇంగ్లీష్ సినిమాల్లో వాళ్ళు అనే మాటలు అర్థం కావట్లేదంటున్నాడు. ఇడియమ్స్ లిస్ట్ ఏదైనా ఇస్తారా?" లిస్ట్ ఇవ్వడం తేలికే. ఒకసారి నేనూ ఇచ్చాను. దానివల్ల జరిగిన పొరపాటుతోనే మొదలుపెడతాను. ఆ అబ్బాయి వాళ్ళ అమ్మగారిని అడిగే, పేర్లు లేకుండా రాస్తున్నాను.

ఒక లీవ్ లెటర్ కథ

గత సంవత్సరం ఏడో తరగతి పిల్లలకు యాభై ఇడియమ్స్ ఉన్న ప్రింటౌట్ ఇచ్చాను. ఎడమవైపు ఇడియమ్, కుడివైపు అర్థం. శుక్రవారం డిక్టేషన్, సోమవారం టెస్ట్. చాలామందికి ఫుల్ మార్కులు వచ్చాయి. నాకూ సంతోషమేసింది.

కొద్ది రోజుల తర్వాత ఒక అబ్బాయి నాలుగు రోజులు స్కూల్‌కు రాలేదు. వచ్చిన రోజు లీవ్ లెటర్ తెచ్చాడు. అందులో ఇలా ఉంది: "యాజ్ మై గ్రాండ్‌ఫాదర్ కిక్డ్ ది బకెట్, ఐ కుడ్ నాట్ అటెండ్ స్కూల్." కింద వాళ్ళ అమ్మగారి సంతకం.

నిజం చెప్పాలంటే చదవగానే నవ్వొచ్చింది. తలెత్తి వాడి ముఖం చూశాక ఆ నవ్వు ఆగిపోయింది. వాడు వాళ్ళ తాతయ్య పోయి నాలుగు రోజులైన పిల్లవాడు.

"ఇలా ఎందుకు రాశావు నాన్నా?" అని అడిగాను.

"మీరిచ్చిన లిస్ట్‌లో ఉంది కదా మేడమ్. మీనింగ్ చనిపోవడం అని రాశారు. ఇడియమ్ పెడితే లెటర్ బాగుంటుందని పెట్టాను."

వాడు చెప్పినదాంట్లో తప్పేమీ లేదు. తప్పు నా లిస్ట్‌లో ఉంది. "కిక్ ది బకెట్" అంటే మనం "బాల్చీ తన్నేశాడు", "టపా కట్టేశాడు" అంటామే, అలాంటి మాట. సినిమాలో కమెడియన్ విలన్ గురించి అంటే నవ్వుకుంటాం. పోయిన తాతయ్య గురించి మనవడు రాసే మాట కాదు. నా లిస్ట్‌లో అర్థం ఉంది కానీ, ఆ మాట ఎవరి గురించి అనొచ్చో, ఎవరి గురించి అనకూడదో లేదు.

తర్వాతి పీటీఎంకు వాళ్ళ అమ్మగారు వచ్చారు. "నాకు ఇంగ్లీష్ రాదు మేడమ్. వాడు రాసి తెచ్చాడు, నేను సంతకం పెట్టాను" అన్నారు. విషయం నెమ్మదిగా వివరించాను. ఆవిడ కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "వాడు తెలుగులో అడిగుంటే నేనే చెప్పేదాన్ని కదా, మా నాన్న గురించి అలా అనకూడదు, కాలం చేశారని రాయాలని" అన్నారు.

నా లిస్ట్‌లో లేని సగం ఆ తల్లికి తెలుసు. ఏ మాట గౌరవంగా ఉంటుందో, ఏది ఎగతాళిగా ఉంటుందో ఆవిడకు బాగా తెలుసు. తనకు ఇంగ్లీష్ రాదు కాబట్టి ఇందులో తన పనేమీ లేదని ఆవిడ అనుకున్నారు. నేనూ అలాగే అనుకున్నాను. ఈ వ్యాసం రాస్తున్నది అందుకే.

తెలుగు తెలిస్తే సగం పని అయినట్టే

ఇడియమ్ అంటే మన జాతీయమే. విడివిడి పదాలకు అర్థాలు వెతికి కలిపితే అది అర్థం కాదు. మాటల గుంపు మొత్తానికి కలిపి ఒకటే అర్థం ఉంటుంది. "పప్పులో కాలేశాడు" అంటే పొరపాటు పడ్డాడని మనకు తెలుసు. ఎవరూ వెళ్ళి కాలు కడుక్కోమని చెప్పరు. క్లాస్‌లో ఈ మాటను "హి స్టెప్డ్ ఇన్ ది దాల్" అని బోర్డు మీద రాస్తే పిల్లలు పడీ పడీ నవ్వారు. ఇంగ్లీష్ ఇడియమ్స్ మనకు ఎంత వింతగా ఉంటాయో, మన జాతీయాలు ఇతరులకు అంత వింతగా ఉంటాయని వాళ్ళకు ఆ రోజు అర్థమైంది.

కొన్ని ఇడియమ్స్ రెండు భాషల్లోనూ దాదాపు ఒకేలా ఉంటాయి. మొదట వీటితో మొదలుపెడితే పిల్లలకు భయం పోతుంది.

"క్రొకొడైల్ టియర్స్" అంటే మొసలి కన్నీరు. 
"కిల్ టూ బర్డ్స్ విత్ వన్ స్టోన్" అంటే ఒకే దెబ్బకు రెండు పిట్టలు. 
"యాడ్ ఫ్యూయెల్ టు ది ఫైర్" అంటే అగ్నికి ఆజ్యం పోయడం. 
"మేక్ ఎ మౌంటెన్ అవుట్ ఆఫ్ ఎ మోల్‌హిల్" అంటే గోరంతను కొండంత చేయడం. 
"సోర్ గ్రేప్స్" అంటే అందని ద్రాక్ష పుల్లన. 

చివరిది ఈసప్ కథల్లోని నక్క, ద్రాక్షపళ్ళ కథ నుంచి వచ్చింది. ఈసప్ కథల నుంచే వచ్చిన ఇంకో ఇడియమ్ "క్రై వుల్ఫ్". అబద్ధపు కేకలు వేసి, నిజంగా ప్రమాదం వచ్చినప్పుడు ఎవరూ నమ్మని స్థితి తెచ్చుకోవడం. ఈ కథ మీకు తెలుసు. మన దగ్గర అది "నాన్నా పులి" కథ. అక్కడ తోడేలు, ఇక్కడ పులి. అంతే తేడా. ఈ కథను మీ పిల్లలకు మీరు ఎప్పుడో చెప్పే ఉంటారు. అంటే ఈ ఇడియమ్‌కు అర్థం మీరే ముందుగా నేర్పేశారన్నమాట.

అర్థం ఒకటే, బొమ్మ వేరు

కొన్నిటికి రెండు భాషల్లోనూ అర్థం ఒకటే అయినా, మాటల్లో కనిపించే బొమ్మ వేరుగా ఉంటుంది. 

"వన్స్ ఇన్ ఎ బ్లూ మూన్": చాలా అరుదుగా. మనం "అమావాస్యకో పున్నానికో" అంటాం. ఒకే నెలలో రెండు పౌర్ణములు వస్తే రెండోదాన్ని బ్లూ మూన్ అంటారు. ఇది సుమారు రెండున్నరేళ్ళకు ఒకసారి వస్తుంది. 2023 ఆగస్టులో అలా వచ్చింది. ఆ రోజు చంద్రుడు నీలంగా ఏమీ ఉండడు. "మై అంకుల్ విజిట్స్ అజ్ వన్స్ ఇన్ ఎ బ్లూ మూన్" అని రాయొచ్చు.

"ఎ పీస్ ఆఫ్ కేక్": చాలా సులువు. మనకు నల్లేరు మీద నడక. "ది మ్యాథ్స్ టెస్ట్ వాజ్ ఎ పీస్ ఆఫ్ కేక్."

"బీట్ అబౌట్ ది బుష్": అసలు విషయం చెప్పకుండా చుట్టూ తిప్పడం. వేటలో పక్షుల్ని బయటికి రప్పించడానికి పొదల చుట్టూ కర్రలతో కొట్టే పని నుంచి వచ్చింది. మన మాట డొంకతిరుగుడు. డొంక అంటే పొద అని కూడా అర్థం ఉంది. ఇంత దగ్గరి జోడీ దొరకడం అరుదు. ప్రోగ్రెస్ రిపోర్ట్ దాచిపెట్టి కబుర్లు చెబుతుంటే "డోంట్ బీట్ అబౌట్ ది బుష్" అని మీరే అనొచ్చు.

"స్పిల్ ది బీన్స్": గుట్టు బయటపెట్టడం. నాన్నగారికి పుట్టినరోజు సర్‌ప్రైజ్ ప్లాన్ చేస్తే, చిన్నది ముందే చెప్పేసిందనుకోండి: "మై సిస్టర్ స్పిల్డ్ ది బీన్స్."

"అండర్ ది వెదర్": ఒంట్లో నలతగా ఉండటం. పెద్ద జబ్బుకు వాడరు. వాతావరణంతోనూ సంబంధం లేదు.

"బర్న్ ది మిడ్‌నైట్ ఆయిల్": అర్ధరాత్రి దాకా మేలుకుని చదవడం, పని చేయడం. కరెంటు లేని రోజుల్లో నూనె దీపం పెట్టుకుని చదివిన కాలం నుంచి వచ్చింది. మీ ఇంట్లో పెద్దవాళ్ళు కిరసనాయిలు బుడ్డి ముందు చదువుకుని ఉంటే, ఆ సంగతి పిల్లలకు చెప్పండి. ఈ ఇడియమ్ ఇక మర్చిపోరు.

"త్రో ఇన్ ది టవల్": ఇక నావల్ల కాదని చేతులెత్తేయడం. బాక్సింగ్‌లో తమవాడు ఇక పోరాడలేడని అనిపిస్తే కోచ్ రింగ్‌లోకి టవల్ విసురుతాడు. 

"రెయినింగ్ క్యాట్స్ అండ్ డాగ్స్": కుండపోత వర్షం. దీని గురించి వాట్సాప్‌లో ఒక కథ తిరుగుతుంటుంది. పాతకాలపు ఇళ్ళ గడ్డి కప్పుల మీద పడుకున్న పిల్లులూ కుక్కలూ వానకు జారి కింద పడేవని. దానికి ఆధారం లేదు. ఇంకో మాట. లిస్టుల్లో మొదట కనిపించే ఈ ఇడియమ్‌ను ఇప్పుడు ఇంగ్లీష్ వాళ్ళు మామూలు మాటల్లో తక్కువగానే అంటారు. "ఇట్స్ పోరింగ్" అంటే చాలు.

ఇక్కడ మాత్రం జాగ్రత్త

తెలుగు మనకు సాయం చేస్తుంది నిజమే. కానీ జాతీయాన్ని మాటకు మాట ఇంగ్లీష్‌లో పెడితే కుదరదు. నా క్లాస్‌లో తరచుగా వినిపించే కంప్లైంట్: "మేడమ్, హి ఈజ్ ఈటింగ్ మై బ్రెయిన్." మన "బుర్ర తింటున్నాడు" అది. మన ఊళ్ళో అందరికీ అర్థమవుతుంది. బయటివాళ్ళు కంగారుపడతారు. "హి ఈజ్ గెటింగ్ ఆన్ మై నర్వ్స్" అనాలి. అలాగే అసూయను చెప్పడానికి "స్టమక్ బర్నింగ్" అంటే ఎసిడిటీ మాత్ర ఇస్తారు. ఇంగ్లీష్‌లో అసూయ రంగు ఆకుపచ్చ. అందుకే "గ్రీన్ విత్ ఎన్వీ" అంటారు.

ఇంకో రకం చిక్కు ఉంది. మాట మనదానిలాగే వినిపిస్తుంది, అర్థం వేరే ఉంటుంది. 

"పుల్ సమ్‌వన్స్ లెగ్" చూడండి. మనం ఎదిగేవాడిని కాళ్ళు పట్టి వెనక్కి లాగుతున్నారని అంటాం. అది కోపంతో అనే మాట. ఇంగ్లీష్‌లో దీని అర్థం సరదాగా ఆటపట్టించడం. "ఆర్ యు పుల్లింగ్ మై లెగ్?" అని ఫ్రెండ్ అడిగితే గొడవపడాల్సిన పని లేదు.

క్రికెట్ చూసే ఇళ్ళలో ఇది ఉపయోగపడుతుంది. మనకు "సిక్సర్ కొట్టాడు" అంటే అదరగొట్టాడని. కానీ "నాక్ సమ్‌వన్ ఫర్ సిక్స్" అంటే ఒకరిని గట్టిగా కుదిపేయడం, దిమ్మ తిరిగేలా చేయడం. "ది న్యూస్ నాక్డ్ హిమ్ ఫర్ సిక్స్" అంటే ఆ వార్తకు అతను కుప్పకూలిపోయాడని. ఇంగ్లీష్‌లో బంతి వైపు నుంచి చూస్తారు, మనం బ్యాట్స్‌మన్ వైపు నుంచి చూస్తాం. 

"బ్రేక్ ఎ లెగ్" సంగతి కూడా చెప్పాలి. స్టేజ్ ఎక్కబోయే వాళ్ళకు శుభాకాంక్షలుగా చెప్పే మాట ఇది. నాటకాల వాళ్ళ అలవాటు నుంచి వచ్చింది. యాన్యువల్ డే రోజు డాన్స్ చేయబోయే పాపకు చెప్పొచ్చు. స్పోర్ట్స్ డే రోజు రన్నింగ్ రేస్‌కు వెళ్ళేవాళ్ళకు మాత్రం "ఆల్ ది బెస్ట్" చెప్పడమే మంచిది.

ఏ మాట ఎక్కడ?

లీవ్ లెటర్ నుంచి నేను నేర్చుకున్నది ఇదే. పెళ్ళికి పట్టుచీర కట్టుకుంటాం, వంటింట్లో నూలుచీర కట్టుకుంటాం. రెండూ మంచి చీరలే. ఇడియమ్స్ కూడా అంతే. ఇప్పుడు నేను పిల్లలకు వాటిని మూడు గుంపులుగా చెబుతున్నాను.

మొదటి గుంపు: ఎక్కడైనా వాడొచ్చు. వ్యాసంలో, స్పీచ్‌లో, లెటర్‌లో ఇబ్బంది లేదు. "ఇన్ ది లాంగ్ రన్" అంటే పోనుపోను, దీర్ఘకాలంలో. "ఎట్ ది లెవెంత్ అవర్" అంటే చిట్టచివరి క్షణంలో. "బర్న్ ది మిడ్‌నైట్ ఆయిల్" కూడా ఇందులోకే వస్తుంది.

రెండో గుంపు: ఫ్రెండ్స్‌తో, ఇంట్లో వాడుకోవాలి. "పీస్ ఆఫ్ కేక్", "స్పిల్ ది బీన్స్", "పుల్లింగ్ మై లెగ్", "అండర్ ది వెదర్". ఫ్రెండ్‌కు రాసే ఉత్తరంలో, కథలోని సంభాషణలో బాగుంటాయి. ప్రిన్సిపాల్ గారికి రాసే లెటర్‌లో "ఐ యామ్ అండర్ ది వెదర్" బదులు "ఐ హ్యావ్ ఎ ఫీవర్" అని సూటిగా రాయాలి.

మూడో గుంపు: చదివితే అర్థం కావాలి, మనం మాత్రం వాడకూడదు. "కిక్ ది బకెట్" ఈ గుంపులోది. మనిషిని "ఎ పెయిన్ ఇన్ ది నెక్" అనడం కూడా అంతే. తలనొప్పిలా తయారయ్యాడని అర్థం. పెద్దవాళ్ళ గురించి, టీచర్ల గురించి అనే మాట కాదు.

ఎవరైనా పోయారని రాయాల్సి వస్తే "పాస్డ్ అవే" అని రాయాలి. మన "కాలం చేశారు"కు అదే సరైన జోడీ. "పాస్డ్ అవుట్" అని రాయకూడదు. దానికి స్పృహ తప్పి పడిపోవడం అని అర్థం. ఇంగ్లీష్‌లో చావు గురించి హాస్యంగా ఎన్ని మాటలున్నాయో గౌరవంగానూ అన్ని ఉన్నాయి. మన తెలుగులో లాగే.

ఎన్ని వాడాలన్నది కూడా ముఖ్యమే. ఒక పేజీ వ్యాసంలో ఎనిమిది ఇడియమ్స్ పెట్టిన పిల్లలున్నారు. ఇడియమ్ కూరలో పోపు లాంటిది. పోపు లేకపోతే కూర చప్పగా ఉంటుంది. అలాగని గిన్నె నిండా ఆవాలే ఉంటే ఎవరు తింటారు? పేజీకి ఒకటో రెండో సరిగ్గా పడితే చాలు.

మాటలు మార్చకూడదు

ఇడియమ్‌లో పదాలు దాదాపు మారవు. "ఒకే దెబ్బకు రెండు కాకులు" అని మనం అనం కదా. అలాగే "పీస్ ఆఫ్ కేక్"ను "పీస్ ఆఫ్ పేస్ట్రీ" అనకూడదు. "వన్స్ ఇన్ బ్లూ మూన్" అని మధ్యలో "ఎ" ఎగరగొట్టకూడదు. మారేవి రెండే. కాలాన్ని బట్టి క్రియ మారుతుంది: "స్పిల్ ది బీన్స్" నిన్న జరిగితే "స్పిల్డ్ ది బీన్స్". మనిషిని బట్టి సర్వనామం మారుతుంది: "మై లెగ్", "హిజ్ లెగ్", "హర్ లెగ్".

ఇంట్లో మీరు చేయగలిగేవి

వీటికి మీకు ఇంగ్లీష్ రావాల్సిన అవసరం లేదు. రోజుకు ఐదు నిమిషాలు చాలు.

1. మీ పాప కొత్త ఇడియమ్ నేర్చుకుని వస్తే "దీన్ని తెలుగులో ఏమంటాం?" అని అడగండి. తనకు తెలియకపోతే అర్థం చెప్పమనండి. సరిపోయే జాతీయం మీకు తట్టవచ్చు. అమ్మమ్మకో తాతయ్యకో ఫోన్ చేయించండి. వాళ్ళ దగ్గర మనకంటే ఎక్కువ ఉంటాయి.

2. తర్వాత ఇంకో ప్రశ్న: "ఈ మాట తాతయ్యతో అనొచ్చా? మీ ప్రిన్సిపాల్ సార్‌కు రాయొచ్చా?" జవాబు తెలియకపోతే నన్ను అడగమనండి. ఆ ప్రశ్న పిల్లలకు తట్టడమే ముఖ్యం.

3. వారానికి ఒకటి చాలు. ఒక నోట్‌బుక్‌లో నాలుగు గళ్ళు గీయించండి: ఇడియమ్, తెలుగు మాట, మా ఇంట్లో జరిగిన సంఘటన, ఎవరితో అనొచ్చు. మూడో గడి ఖాళీగా ఉంటే ఆ ఇడియమ్ ఇంకా రానట్టే.

4. ఏ లెటర్ మీద సంతకం పెట్టినా, పెట్టే ముందు దాన్ని తెలుగులో చదివి చెప్పమనండి. పిల్లల్ని అనుమానించినట్టు కాదు. ఇంగ్లీష్‌లో రాసింది తెలుగులో చెప్పగలిగితేనే వాళ్ళకు అర్థమైనట్టు.

ఆ యాభై ఇడియమ్స్ ప్రింటౌట్ నేను మళ్ళీ ఇవ్వలేదు. ఇప్పుడు వారానికి ఒకటే చెబుతున్నాను, ఈ నాలుగు గళ్ళ నోట్‌బుక్‌తోనే.

చివరగా ఒక సంగతి. ఈ సంవత్సరం మొదటి పీటీఎంకు ఆ అబ్బాయి వాళ్ళ అమ్మగారు నోట్‌బుక్ పట్టుకుని వచ్చారు. "మేడమ్, మా నాన్న నన్ను కంటిపాపలా చూసుకున్నారని వీడికి చెప్పాను. దాన్ని ఇంగ్లీష్‌లో ఏమనాలని అడుగుతున్నాడు. నాకు తెలియదు కదా, మీరు చెప్పండి" అన్నారు.

దానికి మంచి జోడీ ఉంది: "ది యాపిల్ ఆఫ్ సమ్‌వన్స్ ఐ". ఇక్కడ యాపిల్ అంటే పండు అనుకుంటాం. పాత ఇంగ్లీష్ మాటల్లో కంటి నల్లగుడ్డును అలా పిలిచేవారు. అంటే అక్షరాలా మన కంటిపాపే. ఈ ఇడియమ్ మొదటి గుంపులోది, ఎక్కడైనా రాయొచ్చని వాడికి చెప్పాను.

వాడు అక్కడే నిలబడి మూడో గడిలో రాశాడు: "మై మదర్ వాజ్ ది యాపిల్ ఆఫ్ మై గ్రాండ్‌ఫాదర్స్ ఐ." తర్వాత వాళ్ళ అమ్మకు తెలుగులో చదివి వినిపించాడు.

ఈ వారం మీ ఇంట్లో ఒక జాతీయం వెతికి, దానికి ఇంగ్లీష్ జోడీ ఏమిటని మీ పిల్లలతో డైరీలో రాయించి పంపండి. నాకు తెలిస్తే చెబుతాను, తెలియకపోతే అందరం కలిసి వెతుకుదాం.

మీ పిల్లల ఇంగ్లీష్ టీచర్